ఏఐ తప్పనిసరి అన్న కాలేజీ, వద్దన్న విద్యార్థులు: విశాఖ నుంచి ఒక కేస్ స్టడీ

డిగ్రీ కాలేజీలకు కోర్సుల రూపకల్పనలో, ఇంటర్నల్స్ పెట్టే పద్ధతిలో సలహాలివ్వడం నా పని. విశాఖపట్నంలోని ఒక అటానమస్ కాలేజీలో 2025-26 విద్యాసంవత్సరంలో వచ్చిన ఒక కేసును ఇక్కడ రాస్తున్నాను. పిల్లలు దొంగచాటుగా ఏఐ వాడుతున్నారు, ఎలా ఆపాలి అని నన్ను అడిగే కాలేజీలు చాలా ఉన్నాయి. ఇక్కడ పరిస్థితి తారుమారైంది. వాడి తీరాలని కాలేజీ పట్టుబట్టింది, విద్యార్థులు కుదరదన్నారు. రాబోయే రోజుల్లో ఇలాంటివి ఇంకా చూస్తాం కాబట్టి, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో వివరంగా చెప్పడం అవసరం అనిపించింది. కాలేజీని, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. విద్యార్థుల మాటలు వాళ్లు ఒప్పుకున్నాకే వాడుకున్నాను.

నేపథ్యం

ఈ కాలేజీకి పిల్లలు గాజువాక, పెందుర్తి, భీమిలి, ఆనందపురం వైపుల నుంచి బస్సుల్లో వస్తారు. హాస్టల్లో ఉండేవాళ్లు ఎక్కువగా శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు వాళ్లు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు బాగానే ఉన్నారు. రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియమే కాబట్టి, చూసింది తెలుగులో అర్థమైనా రాయాల్సింది మాత్రం ఇంగ్లిష్‌లో.

గొడవ మొదలైన కోర్సు రెండో సంవత్సరంలో ఉంది. మొదటి ఏడాది అయ్యాక వేసవిలో మన డిగ్రీ పిల్లలంతా కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ చేస్తారు. 180 గంటలు, ఏదో ఒక ఊళ్లోనో వాడలోనో ఇంటింటి సర్వే. ఆ సర్వే నోట్స్‌ని పట్టుకుని పద్ధతిగా ఒక రిపోర్ట్ రాయడం ఈ కోర్సులో నేర్పుతారు. నా దృష్టిలో డిగ్రీ మొత్తంలో పనికొచ్చే కోర్సుల్లో ఇదొకటి. పుస్తకంలో లేనిది, తాను వెళ్లి చూసింది రాయమని అడిగే సందర్భాలు మన చదువుల్లో తక్కువ.

హెచ్‌ఓడీ మేడమ్ తెచ్చిన మార్పు వెనుక మంచి ఉద్దేశమే ఉంది. ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు ఏఐతో దూసుకుపోతుంటే మా పిల్లలు వెనకబడిపోతారేమో అన్నది ఆవిడ భయం. పైగా 2025 అక్టోబర్‌లో విశాఖలో ఏఐ హబ్ పెడతామని, ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చిస్తామని గూగుల్ ప్రకటించింది. ఆ తర్వాత ఊళ్లో ఏ కాలేజీకి వెళ్లినా ఇదే మాట. అమెరికాలో ఓహయో స్టేట్ యూనివర్సిటీ 2025లో చేరిన బ్యాచ్ నుంచి ప్రతి డిగ్రీ విద్యార్థీ ఏఐ నేర్చుకోవాల్సిందేనని నిర్ణయించిందని కూడా ఆవిడ నాకు చూపించారు. అది నిజమే. అయితే ఏఐ గురించి నేర్పడం వేరు, ప్రతి రాతపనినీ ఏఐతోనే చేయించడం వేరు. ఈ తేడా ఎవరికీ పట్టకముందే మెమో వెళ్లిపోయింది.

మెమోలో ఉన్నది ఇది: రిపోర్ట్ మొదటి డ్రాఫ్ట్‌ని ఏదైనా చాట్‌బాట్‌తో తయారుచేయాలి. కనీసం ఐదుసార్లు ప్రాంప్ట్, అంటే చాట్‌బాట్‌కి ఇచ్చే సూచన, మార్చి మెరుగుపరచాలి. ఆ సంభాషణ మొత్తం (లాగ్) ప్రింట్ తీసి రిపోర్ట్‌కి జతచేయాలి. ఇంటర్నల్ మార్కుల్లో ఐదో వంతు ఆ లాగ్‌కే. లాగ్ లేకపోతే రిపోర్ట్ తీసుకోరు.

సమస్య ఎలా ముందుకొచ్చింది

మొదటి అసైన్‌మెంట్ మార్కులు వచ్చిన వారానికి, ఏఐ తప్పనిసరి అన్న నియమం తీసేయాలని ప్రిన్సిపాల్‌కి ఒక వినతిపత్రం వెళ్లింది. క్లాసులో సగం మందికి పైగా సంతకాలు పెట్టారు. యూజీసీ 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి ఫిర్యాదు విద్యార్థుల ఫిర్యాదుల కమిటీకి వెళ్లాలి, 15 పనిదినాల్లో కమిటీ నివేదిక ఇవ్వాలి. అక్కడిదాకా వెళ్లకముందే సర్దుకుంటే బాగుంటుందని ఐక్యూఏసీ (కాలేజీలో చదువు నాణ్యత చూసే విభాగం) కోఆర్డినేటర్ నన్ను పిలిచారు.

నేను వెళ్లేసరికే స్టాఫ్ రూమ్‌లో మూడు వివరణలు సిద్ధంగా ఉన్నాయి. పిల్లలకి బద్ధకం. పిల్లలకి కొత్తదంటే భయం. ఎవరో వెనకుండి సంతకాలు పెట్టించారు. వినతిపత్రం చూపించబోతే, ముందు లాగులు చూస్తానన్నాను. దానికి కారణం ఉంది. వినతిపత్రంలో పెద్దలు ఒప్పుకుంటారనుకున్న మాటలే ఉంటాయి. నిజంగా ఏం జరిగిందో తెలియాలంటే పిల్లలు చేసిన పని చూడాలి.

స్పైరల్ బైండింగ్ చేసిన రిపోర్టుల కట్ట ముందు పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికే ఒక విషయం కనబడింది. చాలా లాగుల్లో ప్రాంప్టులు ఒకేలా ఉన్నాయి. వరుస ఒకటే, స్పెల్లింగ్ తప్పులు కూడా అవే. ఎవరో ఒకరు రాసింది వాట్సాప్ గ్రూపులో తిరిగి తిరిగి అందరికీ చేరింది. ఇంకొన్నిటిలో చాట్‌బాట్ ఇచ్చిన డ్రాఫ్ట్‌కీ, వెనక ఉన్న రిపోర్ట్‌కీ పొంతనే లేదు. పిల్లలు ముందు రిపోర్ట్ సొంతంగా రాసుకుని, తర్వాత మార్కుల కోసం ఒక సంభాషణ నడిపి ప్రింట్ తీశారు. మామూలుగా ఏఐతో రాయించి సొంత రాతలా చూపిస్తారు. వీళ్లు సొంతంగా రాసి ఏఐతో రాసినట్టు చూపించాల్సి వచ్చింది.

బద్ధకం అన్న వివరణ అక్కడితో పోయింది. బద్ధకస్తులు ఒకే పనిని రెండుసార్లు చేయరు.

ఒక రిపోర్ట్ గురించి వివరంగా చెప్పాలి. ఒక అమ్మాయి తీరంలోని ఒక మత్స్యకార వాడలో మే నెలలో సర్వే చేసింది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. అంటే ఆ అమ్మాయి వెళ్లిన రోజుల్లో బోట్లన్నీ కట్టేసే ఉన్నాయి. ఆమె నోట్‌బుక్ నాకు చూపించింది. రూళ్ల లాంగ్ నోట్‌బుక్, ఇంటికో పేజీ. ఒక పేజీలో ఇలా ఉంది: "వేట లేదు. వలలు బాగుచేసుకుంటున్నారు. ఎండు నెత్తళ్లు అమ్మకం, ఇంకో పది రోజులకి సరిపోతాయట. గాజులు తాకట్టు. భరోసా డబ్బులు వచ్చాక విడిపిస్తారట." భరోసా అంటే నిషేధం రోజులకి మత్స్యకారులకి ప్రభుత్వం ఇచ్చే సాయం. కింద వడ్డీ ఎంతో రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

మెమో చెప్పినట్టే ఆ అమ్మాయి చాట్‌బాట్‌కి అంశం ఇచ్చింది. చక్కటి ఇంగ్లిష్‌లో రెండు పేజీల డ్రాఫ్ట్ వచ్చింది. అందులో వేట నిషేధం జూన్, జూలై నెలల్లో అని ఉంది. అవి పశ్చిమ తీరం తేదీలు. ఆ రెండు నెలలూ కుటుంబాలు పొదుపు డబ్బుతో గడుపుతాయని కూడా రాసింది. ఆ అమ్మాయి తేదీ తప్పని చెప్పింది. అది క్షమాపణ చెప్పి దిద్దింది. తర్వాతి డ్రాఫ్ట్‌లో ముందు పేజీలో తేదీ సరిగానే ఉంది, ముగింపులో మళ్లీ పాత తేదీయే. మళ్లీ చెప్పింది. పొదుపు మాట తప్పని చెప్పింది. ఐదు ప్రాంప్టులూ దిద్దుబాట్లకే అయిపోయాయి. లాగ్‌కి ఆమెకి వచ్చినవి అత్తెసరు మార్కులు. కారణం, రూబ్రిక్‌లో, అంటే దేనికెన్ని మార్కులో చెప్పే పట్టికలో, "ప్రాంప్టుల వైవిధ్యం" అని ఒక అంశం ఉంది, ఈ అమ్మాయి ప్రాంప్టుల్లో వైవిధ్యం లేదు.

"నేను చూసొచ్చింది దానికి చెప్పుకోడానికే టైమంతా అయిపోయింది మేడమ్. గాజుల సంగతి రిపోర్ట్‌లో పెట్టనే లేదు. దాంతో ఎంత బాగా మాట్లాడానా అని చూశారు గానీ, నేనేం చూశానో ఎవరూ అడగలేదు," అంది.

ఈ ఒక్క మాటతో కేసు సగం అర్థమైంది. ఆ లాగ్‌లో ఉన్నదంతా మనం పిల్లలకి నేర్పాలనుకునే విద్యే. ఎదుట ఉన్న రాతను తన ఆధారంతో సరిచూడటం, తప్పు అని తేలితే ఊరుకోకపోవడం. మన మార్కుల పద్ధతి దాన్ని లోపంగా లెక్కగట్టింది.

అభ్యంతరాలను విడదీయడం

తర్వాత పిల్లలతో చిన్న చిన్న గుంపులుగా మాట్లాడాను. లెక్చరర్లు ఉండకూడదని, మాటలు తెలుగులోనే సాగాలని ముందే అడిగాను. ఇంగ్లిష్‌లో అడిగితే వాళ్లు వినతిపత్రంలో రాసిన వాక్యాలే తిరిగి చెబుతారు.

వినతిపత్రంలో ఒక్క డిమాండే ఉంది. కానీ సంతకాల వెనక కారణాలు ఒకదానితో ఒకటి పొసగనివి. ఏజెన్సీ ప్రాంతం నుంచి వచ్చిన ఒక అబ్బాయి రోజూ ఏఐ వాడతాడు. ఇంగ్లిష్‌లో ఉన్న పాఠం తెలుగులో అడిగి తెలుసుకుంటాడు. "క్లాసులో మళ్లీ మళ్లీ అడగడానికి సిగ్గేస్తాది మేడమ్, దానికైతే ఎన్నిసార్లయినా అడగొచ్చు," అన్నాడు. అయినా సంతకం పెట్టాడు. అతని లాగ్ నిండా పదాల అర్థాలు, వాక్యం ఇలా రాస్తే సరైనదేనా అన్న ప్రశ్నలే. డ్రాఫ్ట్ రాయించలేదు కాబట్టి మార్కులు పోయాయి. అతనికి ఏఐతో పేచీ లేదు, తనకి పనికొచ్చే వాడకానికి విలువ లేకపోవడంతో పేచీ.

ఇంకో గుంపు అసలు రాయడం నేర్చుకోవడానికే వచ్చామంది. ఇంగ్లిష్‌లో సొంతంగా ఒక పేజీ రాయగలగడం వాళ్లకి పెద్ద విషయం. అది రాసిపెడితే మాకేం వస్తుందని అడిగారు. ఒకరు ఎంఐటీ మీడియా ల్యాబ్ 2025లో బయటపెట్టిన అధ్యయనం గురించి చెప్పారు. చాట్‌జీపీటీతో వ్యాసాలు రాసినవాళ్ల మెదడు తక్కువ చురుగ్గా పనిచేసిందన్నది దాని సారాంశం. అందులో పాల్గొన్నది 54 మందే, అప్పటికి ఇతర నిపుణుల సమీక్ష కూడా కాలేదు, దాని మీద మరీ బరువు పెట్టొద్దని చెప్పాను. పిల్లల వాదన నిలబడటానికి ఆ అధ్యయనం అవసరం కూడా లేదు. ఏ పని నేర్పడానికి కోర్సు పెట్టామో ఆ పనిని ఇంకొకరికి అప్పగిస్తే నేర్చుకోవడం ఆగిపోతుంది.

మూడో రకం డబ్బు, ఫోన్‌కి సంబంధించింది. ఆ సెమిస్టర్‌లోనే జియో 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకి జెమినై ప్రో అనే ఏఐ సర్వీసు ఉచితమంది, అదీ అన్‌లిమిటెడ్ 5జీ ప్లాన్ ఉంటేనే. ఎయిర్‌టెల్ అలాంటిదే ఇంకోటి, పర్‌ప్లెక్సిటీ ప్రో ఇచ్చింది. అంటే ఎవరి డ్రాఫ్ట్ ఎంత బాగుంటుందన్నది చేతిలో ఏ సిమ్ ఉందో, ఏ ఫోన్ ఉందో, ఎంత రీఛార్జ్ చేశారో దాని మీద ఆధారపడింది. ఒకరిద్దరికి ఇంకా పద్దెనిమిది నిండలేదు. ఇద్దరు ముగ్గురు నాన్న ఫోన్ నంబర్‌తో లాగిన్ అయ్యారు.

నాలుగోది నన్ను బాగా కలవరపెట్టింది. కొన్ని లాగుల్లో సర్వే చేసిన ఇళ్ల వాళ్ల పేర్లు, అప్పులు, జబ్బులు యథాతథంగా ఉన్నాయి. తన గడపలోకి రానిచ్చి, పీట వేసి, కష్టం చెప్పుకున్న మనిషికి తన వివరాలు ఇలా ఎక్కడికో వెళ్తాయని తెలియదు. దీన్ని లేవనెత్తింది కూడా విద్యార్థులే, లెక్చరర్లు కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, విషయం తెలిసి, షరతుల్లేకుండా ఇవ్వాలి. పద్దెనిమిది లోపు వాళ్లయితే తల్లిదండ్రుల అనుమతి కావాలి. దాని నిబంధనలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి, చాలావరకు దశలవారీగా అమలవుతాయి. చట్టం పూర్తిగా అమలయ్యేదాకా ఆగాల్సిన పనేమీ లేదని కాలేజీకి చెప్పాను. మార్కులు పోతాయన్న భయంతో చేసిన లాగిన్‌ని స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి అని ఎవరూ అనలేరు.

ఐదోది ఒక విచిత్రమైన ఇరకాటం. ఇదే కాలేజీలో ఇంకో డిపార్ట్‌మెంట్ పిల్లల రాతలను ఏఐ డిటెక్టర్‌లో (రాతలో ఏఐ రాసింది ఎంతో అంచనా కట్టే సాఫ్ట్‌వేర్‌లో) వేసి, శాతం ఎక్కువ వస్తే మార్కులు కోస్తోంది. పొద్దున్న క్లాసులో వాడకపోతే తప్పు, మధ్యాహ్నం క్లాసులో వాడితే తప్పు. యూజీసీ 2018 నిబంధనల్లోని 10 శాతం పరిమితిని ఒక లెక్చరర్ ఏఐ శాతానికి కూడా వర్తింపజేశారు. ఆ నిబంధన కాపీకొట్టడం గురించి, ఇతర రాతలతో పోలిక గురించి. ఏఐ డిటెక్టర్ ఇచ్చే శాతం వేరే సంగతి, అది ఒక అంచనా మాత్రమే. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్‌ని సరిగా పనిచేయట్లేదని 2023 జూలైలో తనే తీసేసింది. ఇంగ్లిష్ మాతృభాష కాని వాళ్లు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్షకి రాసిన వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ రాసినవని డిటెక్టర్లు పొరబడ్డాయని అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. మన పిల్లలంతా ఆ కోవలోకే వస్తారు.

చివరిది మనస్సాక్షికి సంబంధించింది. చెప్పింది ఇద్దరు ముగ్గురే. ఇందాక చెప్పిన గూగుల్ ఏఐ హబ్ డేటా సెంటర్‌కి అనుకున్న స్థలాల్లో ఆనందపురం మండలంలోని తర్లువాడ ఒకటి. ఆనందపురం వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థిని అడిగింది: "మా దగ్గర నీళ్లేమవుతాయో, భూములేమవుతాయో ఇంకా ఎవరూ తేల్చలేదు. నేను దాన్ని వాడకుండా ఉండకూడదా?" దానికి ఒక లెక్చరర్ ఇచ్చిన జవాబు, మరి నువ్వు ఫోన్లో రీల్స్ చూడటం లేదా అని. ఆ జవాబు నిలవదు. రీల్స్ చూడకపోతే మార్కులు పోవు. మనిషి అన్ని విషయాల్లోనూ ఒకేలా ఉంటేనే అభ్యంతరం చెప్పే హక్కు ఉంటుందంటే, ఈ లోకంలో ఎవరికీ ఏ అభ్యంతరమూ మిగలదు. ఆమె వాదన సరైనదా కాదా అని తేల్చడం కాలేజీ పని కాదని, ఆ రాతపనికి ఏఐ నిజంగా అవసరమా అన్నదే కాలేజీ తేల్చాల్సిందని నేను చెప్పాను.

ఏమేం ప్రయత్నించారు, ఎందుకు నిలవలేదు

నేను రాకముందే ఒక వర్క్‌షాప్ పెట్టారు. ప్రాంప్టులు ఎలా రాయాలో బయటి నుంచి ఒకాయన్ని పిలిపించి చెప్పించారు. అది ప్రాంప్టులు రానివాళ్లకి పనికొచ్చేది. ఈ క్లాసులో అలాంటివాళ్లు దాదాపు లేరు.

రెండో ప్రయత్నం మినహాయింపు ఫారం. ఏఐ వాడటం ఇష్టం లేనివాళ్లు కారణం రాసి, తల్లి లేదా తండ్రి సంతకంతో హెచ్‌ఓడీకి ఇవ్వాలి. కాగితం మీద ఇది న్యాయంగానే కనబడుతుంది. కానీ ఇంటర్నల్స్ వేసే మనిషి ముందు నిలబడి, మీరు పెట్టిన పద్ధతి నాకొద్దు అని పేరు రాసిచ్చే ధైర్యం పంతొమ్మిదేళ్ల పిల్లలకి ఎలా వస్తుంది? సంతకాలు చేసిన వాళ్లలో ఫారం ఇచ్చింది ఇద్దరు ముగ్గురు. వాళ్ల పేర్లు సాయంత్రానికి స్టాఫ్ రూమ్ అంతా తెలిశాయి. మిగతావాళ్లు మళ్లీ వాట్సాప్ లాగులకే వెళ్లారు. ఫారాలు తక్కువ వచ్చాయి కాబట్టి అభ్యంతరాలు తగ్గాయని డిపార్ట్‌మెంట్ అనుకుంది. ఈ పొరపాటు చాలా చోట్ల చూశాను.

మూడోది, ల్యాబ్‌లో డిపార్ట్‌మెంట్ పేరు మీద ఒక అకౌంట్ తీసుకుని అందరూ దాన్నే వాడటం. సొంత లాగిన్, ఖర్చు రెండింటి బాధా పోతుందని అనుకున్నారు. మొదటి రోజే ఒకరి సంభాషణలు ఇంకొకరికి కనబడ్డాయి, అకౌంట్ ఒకటే కాబట్టి. అలా అకౌంట్ పంచుకోవడం కంపెనీ నియమాలకూ విరుద్ధం. ల్యాబ్ ఖాళీ అయ్యేది సాయంత్రం, భీమిలి వైపు పిల్లలకి బస్సు టైమ్ అదే. రాయడం నేర్చుకుంటాం అన్న వాళ్ల అభ్యంతరం, మనస్సాక్షి అభ్యంతరం రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక మందు ఒక జబ్బుకే పనిచేస్తుంది. ఇక్కడ ఉన్నవి ఐదారు.

ఏది పనిచేసింది

లెక్చరర్లందర్నీ కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగాను. ఈ అసైన్‌మెంట్ పూర్తయ్యాక పిల్లలకి ఏం రావాలి? ఏఐ అన్న పదం వాడకుండా రాయమన్నాను. కాసేపు ఎవరూ రాయలేదు. చివరికి రెండు తేలాయి. తాను చూసింది, విన్నది ఆధారంతో రాయగలగాలి. ఎవరో ఇచ్చిన రాతను తన ఆధారంతో సరిచూడగలగాలి. హెచ్‌ఓడీ మేడమ్ మూడోది కావాలన్నారు: చాట్‌బాట్ ఎక్కడ నమ్మదగ్గదో, ఎక్కడ కాదో తెలియాలి. అది న్యాయమైన కోరికే. ఊళ్లో ఉద్యోగాలకి వెళ్లే పిల్లలకి అది రావాలి.

మలుపు తిరిగింది ఇక్కడే. మూడోది నేర్చుకోవడానికి ప్రతి విద్యార్థీ అకౌంట్ తెరవాలా అని అడిగాను. అక్కర్లేదు. లెక్చరర్ ఒక చాట్‌బాట్ జవాబును జిరాక్స్ తీసి ఇచ్చినా, దానిలో తప్పులు పట్టుకోవడం నేర్చుకోవచ్చు. ఆవిడ లక్ష్యం చెక్కుచెదరలేదు, బలవంతం మాత్రం అక్కర్లేకుండా పోయింది. ఆ మాట విన్నాక ఆవిడ మెత్తబడ్డారు. అప్పటిదాకా, బలవంతం వదిలేయడమంటే పిల్లల్ని వదిలేయడమే అని ఆవిడ అనుకున్నారు.

తర్వాతి అసైన్‌మెంట్‌ని ఇలా మార్చాం. మొదటి డ్రాఫ్ట్ అందరూ క్లాసులోనే, నోట్‌బుక్ ముందు పెట్టుకుని, చేత్తో రాయాలి. ఏఐ కావాలనేవాళ్లకి కూడా ఇదే. దీని గురించి చాలాసేపు చర్చ జరిగింది. ఈ రోజుల్లో చేత్తో రాయించడమేంటి అన్నారు. ఖాళీ కాగితం ముందు కూర్చుని మొదటి వాక్యం వెతుక్కోవడంలోనే మన పిల్లలు ఎక్కువ నేర్చుకుంటారు, అది ఒక్కసారి జరిగిపోతే తర్వాత ఏ సాయం తీసుకున్నా సొంత గొంతు పోదు అన్నది నా వాదన.

ఆ తర్వాత రెండు దారులు. ఒకటి, తన డ్రాఫ్ట్‌ని చాట్‌బాట్‌తో పోల్చి, అది చెప్పిన వాటిలో ఏది తీసుకున్నారో, ఏది ఎందుకు వదిలేశారో ఒక పేజీ రాయడం. రెండోది, లెక్చరర్ ఇచ్చిన జిరాక్స్ జవాబును తన సర్వే ఆధారంగా తప్పొప్పులు పట్టి అదే ఒక పేజీ రాయడం. రూబ్రిక్ ఒకటే, మార్కులు ఒకటే. ప్రాంప్టుల వైవిధ్యం తీసేశాం. దిద్దుబాటుకి మార్కులు పెట్టాం, పదం అర్థం అడిగిన వాడకాన్నీ లెక్కలోకి తీసుకున్నాం. సర్వే ఇళ్ల పేర్లు, వివరాలు ఏ చాట్‌బాట్‌లోనూ పెట్టకూడదని మొదటి లైన్‌లోనే రాశాం.

ఏ దారి అన్నది రిజిస్టర్ నంబర్ ఎదురుగా ఒక టిక్ పెడితే చాలు. హెచ్‌ఓడీ మేడమ్ అక్కడ కారణం అని ఒక గడి ఉండాలన్నారు, సమాచారం కోసమే అన్నారు. నేను గట్టిగా వద్దన్నాను. గడి పెట్టిన మరుక్షణం అది ఎంపిక కాకుండా అర్జీ అయిపోతుంది. మినహాయింపు ఫారం చెడింది అక్కడే. కారణాలు తెలుసుకోవాలంటే మార్కులు వచ్చాక, పేరు లేకుండా అడుగుదామన్నాను. అలాగే చేశాం.

చివరగా వైవా, అంటే నోటి పరీక్ష. మనిషికి పది నిమిషాలు, బల్ల మీద నోట్‌బుక్ ఉండాలి, వైవా వేరే లెక్చరర్ చేయాలి, జవాబు తెలుగులో చెప్పొచ్చు. "ఈ వాక్యం నీ నోట్‌బుక్‌లో ఏ పేజీ నుంచి వచ్చిందమ్మా?" అన్న ఒక్క ప్రశ్న డిటెక్టర్ చెప్పలేనివన్నీ చెబుతుంది. అరవై మంది క్లాసుకి పది గంటలు పడుతుంది, ఆ టైమ్ ఎక్కడిదన్నారు. మూడు అసైన్‌మెంట్లను రెండు చేశాం. ఇది నచ్చనివాళ్లు ఉన్నారు, వాళ్ల ఇబ్బంది నిజమే. గెస్ట్ లెక్చరర్లకి ఈ గంటల డబ్బు ఎవరిస్తారన్నది ఇంకా తేలలేదు.

డిటెక్టర్ విషయంలో కాలేజీ స్థాయిలో ఒక పేజీ నోట్ వెళ్లింది. ప్రతి అసైన్‌మెంట్ మీద ఏఐ వాడొచ్చా, కూడదా, ఇష్టమా అన్నది రాయాలి. డిటెక్టర్ శాతం ఒక్కదాన్ని చూసి ఎవరికీ మార్కులు కోయకూడదు.

ఏం జరిగింది

క్లాసులో మూడో వంతు మంది దాకా జిరాక్స్ దారి ఎంచుకున్నారు. హెచ్‌ఓడీ అనుకున్నదానికంటే ఇది ఎక్కువ. వినతిపత్రం రాసిన అబ్బాయి చాట్‌బాట్ దారికి వెళ్లాడు. అదేంటని అడిగితే, "ఇప్పుడు వద్దనుకుంటే మానేయొచ్చు కదా సార్ అని వాడి చూశాను," అని లెక్చరర్‌తో అన్నాడట. ఏఐ అంటే ఇష్టపడే ఇద్దరు ముగ్గురు మంచి విద్యార్థులు వైవా భయంతో జిరాక్స్ దారికి వచ్చారు. ఏజెన్సీ అబ్బాయి తన ప్రశ్నలు, జవాబులు పెట్టి మంచి మార్కులు తెచ్చుకున్నాడు. రెండు అసైన్‌మెంట్ల రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఇంగ్లిష్ మునుపంత నున్నగా లేదు. చెప్పే విషయం మాత్రం పెరిగింది.

మత్స్యకార వాడ అమ్మాయి రిపోర్ట్‌లో ఈసారి గాజుల పేజీ ఉంది. ఎవరి పేరూ లేకుండా, నిషేధం రోజుల్లో తాకట్టు ఎప్పుడు మొదలవుతుంది, వడ్డీ ఎంత, భరోసా డబ్బు చేతికొచ్చాక అందులో ఎంత తాకట్టు విడిపించడానికే పోతుంది అని రాసింది. ప్రభుత్వం ఆ సాయాన్ని 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలకి పెంచింది. పెంచిన డబ్బు ఎటు వెళ్తోందో ఆ చిన్న రిపోర్ట్ చదివితే కొంత తెలుస్తుంది. చాట్‌బాట్ ఎంత గొప్పదైనా ఆ పేజీ రాయలేదు. ఆ వాడకి వెళ్లి ఆ ఇంటి ముందు కూర్చున్నది ఈ అమ్మాయి.

ఆనందపురం వైపు విద్యార్థిని జిరాక్స్ జవాబు కూడా చదవనంది. లెక్చరర్లలో ఇద్దరు, ఇక దీనికి అంతు ఉండదన్నారు. కోర్సు లక్ష్యాల్లో రెండోది ఎవరి రాతనైనా సరిచూడటం, కాబట్టి పాత సర్వే రిపోర్ట్ ఒకటిచ్చి సరిచూడమనొచ్చని, మూడో లక్ష్యం వైవాలో మాటల్లో అడగొచ్చని చెప్పాను. చాట్‌బాట్లు ఎందుకు తప్పు చెబుతాయో ఆమె వైవాలో క్లాసులో చాలామందికంటే బాగా వివరించింది. హెచ్‌ఓడీ మార్కులు వేశారు గానీ, ఆవిడకి ఈ ఏర్పాటు ఇప్పటికీ పూర్తిగా నచ్చలేదు.

ఇలాంటి కేసు చేతికొచ్చిన వాళ్లకి రెండు మాటలు చెప్పగలను. ముందు లాగులు చదవండి, వినతిపత్రం తర్వాత. పిల్లలు ఎక్కడ నటించారో అక్కడే కోర్సులో లోపం ఉంటుంది. రెండోది, సౌకర్యం ఇవ్వడాన్నీ వాడి తీరాలనడాన్నీ కలిపేయకండి. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2025లో 4,60,000 మందికి పైగా విద్యార్థులకి చాట్‌జీపీటీ అందుబాటులో పెట్టింది. అలాంటి సౌకర్యం మన కాలేజీల్లో ఉంటే సిమ్ కార్డుల తేడా పోతుంది, ఏజెన్సీ అబ్బాయిలాంటి వాళ్లకి మేలు జరుగుతుంది. దాన్ని మార్కులతో ముడిపెట్టాల్సిన అవసరం అందులోంచి రాదు.

వచ్చే ఏడాది చాట్‌బాట్ దారిని కనీసం ఒక్కసారి అందరికీ తప్పనిసరి చేయాలని ప్లేస్‌మెంట్ సెల్ అడుగుతోంది, ఇంటర్వ్యూల్లో అడుగుతున్నారట. విద్యార్థి ప్రతినిధులు ఒప్పుకోలేదు. క్లాసులో లెక్చరర్ తన లాగిన్‌తో తెర మీద చూపిస్తూ చేస్తే అందరం కూర్చుని చూస్తాం, ప్రశ్నలు అడుగుతాం అన్నారు. కోర్సులను ఖరారుచేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ముందుకు రెండు ప్రతిపాదనలూ వెళ్తాయి. నేను రాసిచ్చిన నోట్‌లో విద్యార్థుల ప్రతిపాదననే సమర్థించాను. దానితోపాటు వైవా గంటలకి గెస్ట్ లెక్చరర్ల పారితోషికం బడ్జెట్‌లో విడిగా చూపించాలని కోరాను.